రాజభాష, ప్రజాభాష: వట్టికోట ఆళ్వారుస్వామి ప్రచురణలు, దాశరథి అనువాదం

నేడు కామారెడ్డి జిల్లా, బాన్సువాడ రెవెన్యూ డివిజనులో ఉన్న బిచ్కుంద 1956 నవంబరు 1కి పూర్వం తెలుగు జిల్లాలోనిది కాదు. అది నాందేడు జిల్లా దెగ్లూరు తాలూకాలో ఒక సర్కిలుకు కేంద్రం. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను ఆ తాలూకా నుండి విడదీసి తెలుగు ప్రాంతంలో చేర్చింది. అంతకు ముందు ఈ ఊళ్లలో సంతలో తెలుగు, మరాఠీ, కన్నడం వినవచ్చేవి. కచేరీలో మాత్రం ఉర్దూ నడిచేది. ఇటువంటి సీమలో ఒక భాషలోని మాటను మరొక భాషలోనికి తెచ్చేవాడు, దానిని అచ్చువేసి ఇంటింటికి చేర్చేవాడు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. హైదరాబాదు సంస్థానంలో ఈ రెండు పనులకు జీవితాలను అంకితం చేసిన ఇద్దరు మిత్రుల చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం.

అనువాదమనేది ఆ సంస్థానానికి కొత్తది కాదు. 1917లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను నెలకొల్పింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దానికి తొలి నిర్వాహకుడు. మరుసటి సంవత్సరం వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కావలసిన శాస్త్ర గ్రంథాలెన్నో అక్కడ ఉర్దూలోనికి వచ్చాయి. భారతీయ భాషలో ఉన్నత విద్య బోధింపవచ్చునని నిరూపించిన ఘనత ఆ సంస్థకు దక్కుతుంది. అయితే సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు. ఆ భాషకు అటువంటి ఆదరణ లభించలేదు. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభ్యులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్రజనసంఘం పుట్టింది. రాజు చేయని పనిని ప్రజలే చేసుకోవలసి వచ్చింది.

ఆ పనికి పూనుకున్నవారిలో వట్టికోట ఆళ్వారుస్వామి ఒకరు. ఆయన 1915లో నల్లగొండ జిల్లా చెరువుమాదారంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి గతించగా, ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేస్తూ చదువు నేర్చుకున్నారు. విజయవాడలో హోటలు పనివాడుగా ఉన్నారు. తరువాత హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డి నడిపిన గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. బడిచదువు లేని ఈ వ్యక్తి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. ఆ యేడే కీర్తిశేషులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బిరుదమే ఆ పేరుకు మూలం.

ఈ గ్రంథమాలకు పెట్టుబడి లేదు, పోషకుడైన జమీందారు లేడు. ఆళ్వారుస్వామి తానే రచనలు సేకరించి, తానే అచ్చుకిచ్చి, పుస్తకాల సంచి భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మేవారు. ముప్పయికి పైగా పుస్తకాలు ఈ విధంగా వెలువడ్డాయి. నాడు తెలుగు గ్రంథాలయం పెట్టడమే అధికారులకు అనుమానాస్పదమైన కార్యం. అట్టి రోజులలో పుస్తకాలు మోసుకొని తిరగడం వర్తకం మాత్రమే కాదు, సాహసం కూడా.

1946లో ఆయన నిర్బంధితులై ఇంచుమించు ఐదేళ్లు వేర్వేరు జైళ్లలో గడిపారు. నిజామాబాదు ఖిల్లాలోని జైలులో ఆయనకు యువకవి దాశరథి కృష్ణమాచార్య తోడయ్యారు. కాగితం, కలం దొరకని చోట దాశరథి బొగ్గుతో గోడలపై నిజాము పాలనను ఖండిస్తూ పద్యాలు వ్రాసేవారు. విడుదలైన పిమ్మట 1949లో వెలువడిన తన తొలి కావ్యం అగ్నిధారను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. ఆళ్వారుస్వామి సైతం జైలు అనుభవాలను కథలుగాను, తెలంగాణ పల్లెలలోని దొరతనాన్ని ప్రజల మనిషి అనే నవలగాను మలిచారు. ఆ నవల 1955లో వెలువడింది.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. ఉర్దూ రాజభాషగా తమ భాషను అణచగా, ఆ రాజు చేతిలో చెరసాల అనుభవించినవారికి ఉర్దూపై ద్వేషం కలుగలేదా? దాశరథి జీవితమే దీనికి సమాధానం. ఖమ్మంలో ఉర్దూ మాధ్యమంలో చదివిన ఆయన ఆ భాషను పీడకుని భాషగా గాక కవుల భాషగా ఎరిగినవారు. 1961లో మీర్జా గాలిబ్ గజళ్లను గాలిబ్ గీతాలు పేరిట తెలుగులోనికి తెచ్చారు. బాపు వేసిన బొమ్మలతో వచ్చిన ఆ పుస్తకం ఉర్దూ అక్షరం ఎరుగని వేలాది తెలుగు ఇళ్లలో గాలిబును పరిచితుణ్ణి చేసింది. దారుల్ తర్జుమా తెలుగువారికి చేయని సేవను, ఆ ప్రభుత్వపు ఖైదీ ఒకరు ఉర్దూకు చేశారు.

ఇది దాశరథి ఒక్కరి విశాల హృదయం కాదు. 1937లో నిజామాబాదులో జరిగిన ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిన మందుముల నరసింగరావు రయ్యత్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకులు. ఆ పత్రికలో పనిచేసి, తరువాత ఇమ్రోజ్ నడిపిన షోయబుల్లాఖాన్ సంస్థానం భారతదేశంలో చేరాలని ఉర్దూలోనే వ్రాసి, 1948 ఆగస్టులో హతులయ్యారు. అటు ఆంధ్రదేశంలో పిఠాపురపు ఉమర్ ఆలీషా ఉమర్ ఖయ్యామును ఫార్సీ నుండి తెలుగు పద్యంలోనికి తెచ్చారు. చిలుకూరి నారాయణరావు ఖురానును తెనిగించారు. భాష ఏ ఒక్క రాజుకో, ఏ ఒక్క మతానికో సొత్తు కాదని వీరందరి కృషి చాటుతున్నది.

గాలిబ్ గీతాలు వెలువడిన 1961లోనే, ఫిబ్రవరి 5న, ఆళ్వారుస్వామి నలభై ఐదేళ్ల వయస్సులో కన్నుమూశారు. దాశరథి 1987 వరకు జీవించి, కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, ఆస్థానకవి పదవి పొందారు. సంస్థానపు అధికార శాసనాలు కాలగర్భంలో కలిశాయి. బిచ్కుంద వంటి ఊళ్లకు జిల్లాలు, రాష్ట్రాలు మారాయి. సంచి మోసి పుస్తకం పంచినవాని శ్రమ, పరాయిదనుకున్న భాషలోని మాటను సొంత భాషలో పలికించినవాని శ్రమ మాత్రం మిగిలాయి. పాలకుని తప్పును పాలకునికే వదిలి, భాషలోని మంచిని స్వీకరించడమే న్యాయమని ఆ మిత్రుల జీవితాలు నేటికీ బోధిస్తున్నాయి.