షా నజఫ్ గోడ ముందు నల్ల నావికుడు

1857 నవంబరు 16. లక్నోలో అవధ్ రాజు గాజీ ఉద్దీన్ హైదర్ సమాధి మందిరం షా నజఫ్. తిరుగుబాటు సిపాయిలు దాన్ని కోటగా మార్చుకుని, గోడల మీది నుంచి ఎడతెగకుండా కాలుస్తున్నారు. కింద ఆ గోడకు అతి దగ్గరగా ఫిరంగులు తోసుకొస్తున్నవాళ్లు మామూలు సైనికులు కారు, నావికులు.

సముద్రం ఎక్కడ, లక్నో ఎక్కడ! చైనా వైపు బయలుదేరిన బ్రిటిష్ యుద్ధనౌక షానన్‌ను తిరుగుబాటు కబురు కలకత్తాకు మళ్లించింది. కెప్టెన్ విలియం పీల్ ఓడ ఫిరంగులు దించి, గంగ మీద అలహాబాదు దాకా, అక్కడి నుంచి నేల మీద లాగించుకొచ్చాడు.

షా నజఫ్ మూల దగ్గర నిలిపిన 24 పౌన్ల ఫిరంగి వద్ద ఒక్కొక్కరే కూలిపోయి, చివరికి ఇద్దరే మిగిలారు: లెఫ్టినెంట్ థామస్ యంగ్, నల్ల నావికుడు విలియం హాల్. పేలిన ప్రతిసారీ ఫిరంగి వెనక్కి తన్నుతుంది. గొట్టం తుడవాలి, మందు కూరాలి, గుండు దించాలి, మళ్లీ ముందుకు తోయాలి. నిండు జట్టు చేయాల్సిన పనంతా ఆ ఇద్దరే చేశారు.

అయితే బ్రిటిష్ సైన్యం లోపలికి వెళ్లిన దారి వేరు. జాన్ పేటన్ అనే సార్జెంటు తూటాల మధ్య ఒంటరిగా గోడ చుట్టి వెళ్లి, అవతలి వైపు గండి కనిపెట్టాడు. హాల్‌కూ యంగ్‌కూ పేటన్‌కూ ముగ్గురికీ బ్రిటిష్ శౌర్య పతకం విక్టోరియా క్రాస్ దక్కింది. ఆ పతకం అందుకున్న మొదటి నల్లజాతీయుడు హాల్. అతని పేరు సిఫారసు చేసిన పీల్ మాత్రం 1858 ఏప్రిల్‌లో కాన్పూరులో మశూచితో పోయాడు.

హాల్ పుట్టింది 1820ల చివర్లో, కెనడాలోని నోవా స్కోషియాలో. తల్లిదండ్రులు అమెరికాలో బానిసలుగా ఉండి, 1812 నాటి యుద్ధకాలంలో బ్రిటిష్ వారి అండతో బయటపడ్డవారు. వాళ్లకు విముక్తినిచ్చిన జెండానే లక్నోలో సిపాయిలు దించాలనుకున్నారు. కొడుకు ఆ జెండా పక్షాన ఫిరంగి పేల్చాడు.

హాల్ కొన్నాళ్లు అమెరికా నౌకాదళంలో పనిచేసి, 1852లో బ్రిటిష్ నౌకాదళంలో చేరి, క్రిమియా యుద్ధంలో సెవస్టొపోల్ ముట్టడి చూశాడు. 1859 అక్టోబరు 28న ఐర్లండ్‌లోని క్వీన్స్‌టౌన్ రేవులో, డోనెగల్ ఓడ మీద పతకం అందుకున్నాడు. దాంతోపాటు ఏడాదికి 10 పౌన్ల పింఛను.

1876లో కొలువు విడిచి సొంతూరు చేరి, అక్కచెల్లెళ్లతో కలిసి చిన్న పొలం చేసుకున్నాడు. 1904లో కన్నుమూస్తే సమాధికి గుర్తు రాయి కూడా లేదు. 1945లో అస్థికలను హాంట్స్‌పోర్ట్ బాప్టిస్టు చర్చికి తరలించారు. స్మారకం ఆ తర్వాత లేచింది. ఇప్పుడు కెనడా నౌకాదళంలో ఆర్కిటిక్ గస్తీ నౌక ఒకటి అతని పేరుతోనే తిరుగుతోంది.