వేప్‌తో విమానం ఎక్కొచ్చా? హైదరాబాద్‌లో దిగితే ఏమవుతుంది?

అమెరికాలోనో, బ్రిటన్‌లోనో వీధి చివరి దుకాణంలో దొరికే వస్తువు అది. కానీ అదే వేప్‌ను జేబులో వేసుకుని శంషాబాద్‌లో దిగితే, మీ దగ్గర ఉన్నది మన దేశం దిగుమతిని పూర్తిగా నిషేధించిన సరుకు. సెలవులకు ఇంటికొచ్చే విద్యార్థులు, ఉద్యోగులు, బ్యాంకాక్, సింగపూర్ టూర్లకు వెళ్లేవాళ్లు తరచూ ఇక్కడే పొరబడుతుంటారు. విమానంలోకి అనుమతి ఉందంటే దేశంలోకీ అనుమతి ఉన్నట్టే అనుకుంటారు. ఈ రెండూ వేర్వేరు నిబంధనలు. ఒకటి బ్యాటరీ భద్రత గురించి, మరొకటి ఆ దేశ చట్టం గురించి. మీరు రెండింటినీ దాటాలి.

భారత్‌లో చట్టం ఏం చెబుతోంది?

2019 సెప్టెంబరులో కేంద్రం ఈ-సిగరెట్లను నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో అది చట్టంగా మారింది. ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, నిల్వ, ప్రకటనలు... అన్నింటినీ ఈ చట్టం నిషేధిస్తుంది.

శిక్షలు ఇలా ఉన్నాయి:

- దిగుమతి, రవాణా, అమ్మకం వంటివాటికి మొదటిసారి ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.
- మళ్లీ దొరికితే మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా.
- నిల్వ చేస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

‘నా సొంతానికే’ అంటే కుదురుతుందా?

ఎక్కువ మందికి వచ్చే సందేహం ఇదే. వేప్ తాగడాన్ని నేరంగా పేర్కొంటూ చట్టంలో ప్రత్యేకంగా సెక్షన్ లేని మాట నిజమే. కానీ విదేశం నుంచి మీ బ్యాగులో తెచ్చుకోవడం దిగుమతి కిందికే వస్తుంది. సొంత వాడకానికి ఒకటో రెండో తెచ్చుకోవచ్చన్న మినహాయింపు చట్టంలో ఎక్కడా లేదు. పైగా ఏ రూపంలో, ఎంత పరిమాణంలో ఉన్నా ఈ-సిగరెట్‌ను దగ్గర ఉంచుకోవడం చట్ట ఉల్లంఘనే అవుతుందని కేంద్ర ఆరోగ్య శాఖ 2023లో స్పష్టం చేసింది.

‘ఫ్రెండ్ తెమ్మన్నాడు, గిఫ్టుగా తెచ్చాను’ అన్నా ఫలితం ఉండదు. బ్యాగు ఎవరి పేరు మీద ఉంటే బాధ్యత వారిదే. బంధువులో, రూమ్మేటో ‘మా తమ్ముడికి ఇచ్చెయ్’ అంటూ ప్యాకెట్ ఇస్తే తెరిచి చూడకుండా సూట్‌కేసులో పెట్టకండి.

నికోటిన్ లేనిదైతే?

అదీ నిషేధమే. నికోటిన్ ఉన్నా లేకపోయినా, ఏదైనా పదార్థాన్ని వేడి చేసి పీల్చుకునే ఆవిరిగా మార్చే ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ చట్టం నిర్వచనంలోకి వస్తాయి. పొగాకు కడ్డీని కాల్చకుండా వేడి చేసే ఐకాస్ లాంటివి, ఈ-హుక్కా, పెన్ను ఆకారంలోనో పెన్‌డ్రైవ్ ఆకారంలోనో ఉండేవి, ఒకసారి వాడి పారేసేవి... పేరు, ఆకారం ఏదైనా తేడా లేదు. ‘హెర్బల్’ అని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదు.

ఔషధాల చట్టం కింద లైసెన్సు పొందిన ఉత్పత్తులకు మాత్రం ఇది వర్తించదు. ఆస్తమా ఇన్‌హేలర్‌కు ఈ చట్టంతో సంబంధమే లేదు. నెబ్యులైజర్ తీసుకెళ్తుంటే డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. తనిఖీ దగ్గర వివరించడం తేలికవుతుంది.

ఒక హెచ్చరిక. గంజాయి నూనె నింపిన కార్ట్రిడ్జ్‌లు అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో షాపుల్లోనే అమ్ముతారు. భారత్‌లో అవి ఈ-సిగరెట్ కేసుతో ఆగవు. మాదక ద్రవ్యాల నిరోధక చట్టం కింద కేసు అవుతుంది. వాటి జోలికి అసలు పోవద్దు.

తెలియక తెచ్చేశాను, ఇప్పుడేం చేయాలి?

విమానం దిగాక గుర్తొస్తే గ్రీన్ ఛానల్‌లోంచి నడిచి వెళ్లిపోదాం అనుకోకండి. ప్రకటించాల్సిన సరుకులు ఏమీ లేనివారికే ఆ దారి. మీరు రెడ్ ఛానల్‌కు వెళ్లి, బ్యాగులో ఏముందో కస్టమ్స్ అధికారికి ముందే చెప్పండి. దాచి పట్టుబడటానికీ, మీరే చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది.

కస్టమ్స్ చట్టంలోని 80వ సెక్షన్ గురించి చాలామందికి తెలియదు. బ్యాగేజీలో దిగుమతి నిషేధం ఉన్న వస్తువు ఉందని మీరు నిజాయతీగా ప్రకటిస్తే, దాన్ని తమ దగ్గరే ఉంచి, మీరు దేశం విడిచి వెళ్లేటప్పుడు తిరిగి ఇవ్వమని అధికారిని కోరవచ్చు. ఒప్పుకోవాలా వద్దా అన్నది అధికారి విచక్షణ. అది మీ హక్కు కాదు. పైగా ముందే ప్రకటించిన వారికే ఈ అవకాశం. ఒప్పుకుంటే రసీదు తప్పక తీసుకోండి. కుదరదంటే ఆ వస్తువును వదులుకోవడమే మేలు. ఒక వేప్ ఖరీదు కోసం కేసు దాకా తెచ్చుకోనక్కర్లేదు.

అన్నిటికంటే తేలికైన దారి మాత్రం బయల్దేరే ముందే ఉంది. ఇండియాకు వస్తున్నట్టయితే వేప్‌ను అక్కడి ఇంట్లోనే వదిలేయండి.

వేప్‌కు అనుమతి ఉన్న దేశాల మధ్య ప్రయాణిస్తుంటే?

లండన్ నుంచి న్యూయార్క్‌కో, దుబాయ్ నుంచి లండన్‌కో వెళ్తున్న వారికి విమాన భద్రతా నిబంధనలు ప్రధానం. వేప్‌ను చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే నిర్ణయించింది. హ్యాండ్ బ్యాగులో గానీ, మీ ఒంటి మీద గానీ ఉండాలి.

ఎందుకు? వేప్‌లో ఉండేది లిథియం బ్యాటరీ, లిక్విడ్‌ను వేడెక్కించే కాయిల్. సూట్‌కేసులో నలిగి బటన్ నొక్కుకుంటే కాయిల్ వేడెక్కి బట్టలు అంటుకోవచ్చు. బ్యాటరీ దెబ్బతింటే లోపల మొదలైన వేడి తనంతట తానే పెరుగుతూ పోతుంది. క్యాబిన్‌లో జరిగితే సిబ్బంది వెంటనే చూసి ఆర్పగలరు. కింద సరుకుల అరలో జరిగితే చూసే మనిషి ఉండడు. అక్కడి మంటలార్పే వాయువు కూడా లిథియం బ్యాటరీ మంటను పూర్తిగా అదుపు చేయలేకపోవచ్చు.

సర్దుకునేటప్పుడు ఇవి చూసుకోండి:

- స్విచ్ ఆఫ్ చేయండి. బటన్ లాక్ ఉంటే వేయండి. బ్యాటరీ ఊడివచ్చేదైతే విడిగా తీయండి.
- విడి బ్యాటరీలను ప్లాస్టిక్ డబ్బాలోనో, ఒక్కోదాన్ని ఒక్కో కవరులోనో పెట్టండి. తాళంచెవులు, చిల్లరతో కలిపి జేబులో వేస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.
- లిక్విడ్ సీసా 100 మిల్లీలీటర్లు మించకూడదు. మిగతా ద్రవాలతో కలిపి పారదర్శకమైన సంచిలో ఉంచాలి. కొన్ని విమానాశ్రయాలు ఈ పరిమితిని సడలించినా, తిరుగు ప్రయాణంలో పాత నిబంధనే ఉండొచ్చు.
- ట్యాంకును ఖాళీ చేయండి. పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి తగ్గి, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. లిక్విడ్ బయటికి కారుతుంది.
- విమానంలో వేప్‌ను ఛార్జ్ చేయకూడదు.
- పైన అరల్లో చోటు లేదని గేటు దగ్గర మీ హ్యాండ్ బ్యాగును తీసుకుని కిందికి పంపుతుంటే, ఇచ్చేముందు వేప్, పవర్‌బ్యాంక్, విడి బ్యాటరీలు బయటికి తీసుకోండి. చాలామంది మరిచిపోయేది ఇక్కడే.

బ్యాటరీ పరిమితి ఎంత?

వేప్ లేని వారికీ ఇది పనికొస్తుంది. ఎందుకంటే పవర్‌బ్యాంక్‌కూ ఇదే లెక్క. 100 వాట్-అవర్ల వరకు ఎయిర్‌లైన్ అనుమతి అక్కర్లేదు. 100 నుంచి 160 వరకు ముందుగా అనుమతి తీసుకోవాలి, అదీ రెండు విడి బ్యాటరీలకు మించకుండా. 160 దాటితే ప్రయాణికుల లగేజీలో అనుమతించరు.

పవర్‌బ్యాంక్ మీద ఎంఏహెచ్ మాత్రమే ఉంటే, దాన్ని 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. 27,000 అయితే 99.9, అంటే దాదాపు హద్దు మీద ఉన్నట్టే. అక్షరాలు చెరిగిపోయి సామర్థ్యం కనిపించని పవర్‌బ్యాంక్‌ను తనిఖీలో తీసేసుకునే అవకాశం ఉంది.

ఈ నిబంధనలు బిగుసుకుంటున్నాయి. 2025 అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్ ఒక్కో ప్రయాణికుడికి 100 వాట్-అవర్ల లోపు పవర్‌బ్యాంక్ ఒక్కటే అనుమతిస్తోంది, దాన్ని విమానంలో వాడనివ్వడం లేదు. అదే నెలలో దిల్లీలో టేకాఫ్‌కు సిద్ధమవుతున్న ఒక విమానంలో సీటు జేబులోని పవర్‌బ్యాంక్ అంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పేయడంతో ఎవరికీ ఏమీ కాలేదు. అది కింద సరుకుల అరలో ఉండి ఉంటే అంత తొందరగా ఆర్పడం సాధ్యమయ్యేది కాదు.

ఫోను, వేప్ సీటు సందులో పడిపోతే సీటును వెనక్కీ ముందుకూ జరపకండి. నలిగితే మంటలు రావచ్చు. సిబ్బందిని పిలవండి.

టాయిలెట్‌లో ఒక్క పఫ్?

వద్దు. సిగరెట్ నిషేధం వేప్‌కూ వర్తిస్తుంది. టాయిలెట్‌లోని స్మోక్ డిటెక్టర్ వేప్ ఆవిరికి కూడా మోగవచ్చు. దాన్ని మూసేయడం ఇంకో నేరం. మన దేశ నిబంధనల ప్రకారం విమానంలో పొగ తాగడం అనుచిత ప్రవర్తన కిందికి వస్తుంది. దిగగానే పోలీసులకు అప్పగించడమే కాక, కొంతకాలం విమానం ఎక్కకుండా నిషేధించే వీలుంది.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే దేశాల్లో ఎలా?

- సింగపూర్: 2018 నుంచి వేప్ దగ్గర ఉంచుకోవడమే నేరం. 2025 సెప్టెంబరు నుంచి శిక్షలు మరింత పెంచారు.
- థాయిలాండ్: 2014 నుంచి దిగుమతి నిషేధం ఉంది. అక్కడి వీధుల్లో అమ్ముతున్నారు కదా అని తీసుకెళ్తే భారీ జరిమానా, జైలు దాకా వెళ్లొచ్చు.
- మాల్దీవులు: 2024 నవంబరు 15 నుంచి దిగుమతి నిషేధం. పర్యాటకులకూ మినహాయింపు లేదు.
- ఖతార్: నిషేధం. అమెరికా నుంచి దోహా మీదుగా వచ్చేవారు గుర్తుంచుకోవాలి.
- యూఏఈ: 2019 నుంచి అమ్మకాలకు అనుమతి ఉంది. కానీ దుబాయ్‌లో కొన్నది హైదరాబాద్‌లో చెల్లదు.
- బ్రిటన్: వేప్‌కు అనుమతి ఉంది. ఒకసారి వాడి పారేసే వేప్‌ల అమ్మకం మాత్రం 2025 జూన్ 1 నుంచి నిషేధం.

మధ్యలో విమానం మారాల్సి ఉంటే ఆ దేశం నిబంధన కూడా చూసుకోండి. విమానం ఆలస్యమై రాత్రికి హోటల్‌కు పంపితే మీరు ఆ దేశంలోకి అడుగుపెట్టినట్టే.

అలవాటు ఉంది, మూడు వారాలు ఎలా?

ఇండియాలో ఉన్నన్నాళ్లూ వేప్ లేకుండా ఎలా అని భయపడేవారు ముందే డాక్టరుతో మాట్లాడండి. నికోటిన్ గమ్, లాజెంజ్‌ల వంటివి ఎంత మోతాదులో వాడాలో చెబుతారు. మానేద్దామనుకుంటే కేంద్ర ఆరోగ్య శాఖ క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మొదటి కొద్ది రోజులు చిరాకు, నిద్రలేమి సహజం. ఎలాగూ దూరంగా ఉండక తప్పని ఈ సెలవులే మానేయడానికి మంచి అదను కావచ్చు.