చార్టిస్టు ఉద్యమం

చార్టిస్టు ఉద్యమం 1838–1848 మధ్య బ్రిటన్‌లో ఓటు హక్కు కోసం కార్మికులు నడిపిన పోరాటం. 1838 మేలో వెలువడిన ‘పీపుల్స్ చార్టర్’ అనే కోర్కెల పత్రం వల్ల ఈ పేరు వచ్చింది. దాని రచయితల్లో ముఖ్యుడు విలియం లవెట్ లండన్‌లో బల్లలు, బీరువాలు చేసే వడ్రంగి.

1832 సంస్కరణ చట్టం కోసం మిల్లు యజమానులు, వర్తకులతో పాటు కార్మికులూ వీధుల్లోకి వచ్చారు. తీరా చూస్తే పట్టణాల్లో ఏటా 10 పౌండ్ల అద్దె విలువ గల ఇల్లున్న మగవాళ్లకే ఓటు దక్కింది. యజమాని ఓటరయ్యాడు, పనివాడు కాలేదు. 1834 పేదల చట్టం వచ్చాక, పేదలను ఉంచి పని చేయించే వర్క్‌హౌస్‌లో చేరిన భార్యాభర్తలను కూడా విడదీసి ఉంచేవారు. తమది వేరే వర్గమని శ్రామికులకు తెలిసివచ్చింది ఈ అనుభవాల వల్లే. మరమగ్గాల దెబ్బకు కూలి పడిపోయిన లాంకషైర్ చేనేతవాళ్లు పెద్ద సంఖ్యలో ఉద్యమంలో చేరారు. ఆ మరమగ్గాల గుడ్డే ఓడలెక్కి వచ్చి కోస్తాంధ్ర మగ్గాలనూ దెబ్బతీసింది.

చార్టర్ కోర్కెలు ఆరు: 21 ఏళ్లు నిండిన పురుషులందరికీ ఓటు, రహస్య బ్యాలెట్, సమాన నియోజకవర్గాలు, ఏటా ఎన్నికలు, పార్లమెంటు సభ్యులకు ఆస్తి ఉండాలన్న నిబంధన రద్దు, సభ్యులకు జీతం. జీతం చిన్న కోర్కెలా కనిపిస్తుంది గానీ కీలకం అదే. మగ్గం దిగితే ఆ పూట కూలి లేని మనిషి జీతం లేని సభలో ఎలా కూర్చుంటాడు? స్త్రీల ఓటు ముందు ఆలోచనలో ఉన్నా, మిగతా కోర్కెలకు అడ్డవుతుందని వదిలేశారు. స్త్రీలు కూడా ఎంతో పనిచేసిన ఉద్యమంలో ఇది పెద్ద అన్యాయం.

1839లో దాదాపు 12.8 లక్షల సంతకాల అర్జీని పార్లమెంటు తోసిపుచ్చింది. ఆ నవంబరు 4న వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో గని, ఇనుప కార్మికులపై సైనికులు కాల్పులు జరిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. 1842 అర్జీకి 33 లక్షల సంతకాలు. ఆ కాగితాల చుట్ట పార్లమెంటులోని కామన్స్ సభ గుమ్మంలో పట్టలేదు. ద్వారబంధం ఊడదీసినా లాభం లేకపోవడంతో ముక్కలు చేసి, లోపల నేలమీద గుట్టగా పోశారు. సభ 287–49 ఓట్లతో దాన్నీ కాదంది. ఆ వేసవిలో కూలి కోతలపై సమ్మె కట్టిన కార్మికులు బాయిలర్ల బిరడాలు పీకి మిల్లులు ఆపారు.

1848 ఏప్రిల్ 10న లండన్ కెన్నింగ్టన్ మైదానంలో చివరి పెద్ద సభ జరిగింది. దాని ఏర్పాట్లు చూసినవారిలో ఒకడైన దర్జీ విలియం కఫే వెస్టిండీస్‌లో బానిసగా పుట్టినవాడి కొడుకు. ప్రభుత్వ గూఢచారుల సాక్ష్యంతో శిక్షపడి టాస్మానియా చేరిన కఫే, క్షమాభిక్ష దొరికినా అక్కడే ఉండి 1870లో కన్నుమూశాడు.

ఆస్తి నిబంధన 1858లో పోయింది. రహస్య బ్యాలెట్ 1872లో, సభ్యుల జీతం 1911లో, పురుషులందరికీ ఓటు 1918లో వచ్చాయి. ఏటా ఎన్నికలన్న కోర్కె మాత్రం నేటికీ అమలు కాలేదు.