హైదరాబాదు కాలిబంతి జట్లు – వాని తొలి యేండ్లు

రజతోత్సవ సంచికకు మీరును ఏదైన వ్రాయవలెనని గ్రంథాలయ కార్యవర్గమువారు అడిగినప్పుడు, కాకతీయులను గూర్చియో, మన బమ్మెర పోతనామాత్యుని గూర్చియో నేను వ్రాయుదునని వారు తలచి యుందురు. ఆ విషయములు వ్రాయుటకు నాకన్న పెద్దలున్నారు. నేను ఊరి పద్దులు వ్రాసి బ్రతికినవాడను. ఇంటియొద్ద దీపము పెట్టుకొని భారత భాగవతములు సొంతముగా చదువుకొన్నవాడను. గురుముఖమున నేర్చినది తక్కువ. కావున పండితులు తొక్కని త్రోవను ఒకదానిని ఎన్నుకొంటిని.

దానికి కారణమొకటి యున్నది. మన పఠన మందిరమునకు సాయంకాలము వచ్చు కుర్రవాండ్రు పత్రికను కడపటి పుటనుండి చదువుట అందరెరిగినదే. క్రిందటి యేడు వారిలో ఒకడు పత్రికనుండి తలయెత్తి, “పట్నంల ఫుట్‌బాల్ టీము ఇంక లేదంట పెద్దబాపూ, ఢిల్లీకి తీస్కపోయిన్రంట” అన్నాడు. ఇంకొకడు, “అసలు మనోళ్ళకు ఫుట్‌బాల్ ఎన్నడన్న వచ్చెనా?” అని నవ్వినాడు. ఆ నవ్వునకు సమాధానముగా ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఆ బాలుని దోషము లేదు. చెప్పవలసిన వారము మనము చెప్పకపోతిమి.

ఈ ఆట మన దేశమునకు తెల్లదొరల పటాలములతో వచ్చినది. 1806లో ఏర్పడిన సికింద్రాబాదు దండులో సిపాయిలు ఆడుచుండగా, బొల్లారము, తిరుమలగిరి ప్రాంతముల పిల్లలు గట్టుపై నిలిచి చూచి నేర్చుకొనిరి. దేశములో పేరెన్నికగన్న పందెములును పటాలముల కొరకు పుట్టినవే. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పు, 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్పు అట్టివి. 1911లో కలకత్తా మోహన్ బగాన్ జట్టువారు ఉత్త కాళ్ళతో ఆడి ఒక తెల్ల పటాలమును ఓడించినప్పటినుండి ఈ ఆట మనవారి అభిమానమునకు సంబంధించిన విషయమైనది.

హైదరాబాదులో ఈ ఆటకు పీట వేసినది పోలీసు శాఖ. పూర్వము సిటీ అఫ్ఘాన్స్ అను పేరుగల జట్టు తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుగా ప్రసిద్ధి కెక్కెను. 1943లో బెంగుళూరున జరిగిన ఆష్ స్వర్ణ కప్పు పందెములో ఈ జట్టు ఆంగ్లేయుల వైమానిక దళమును ఓడించినది. ఆ దళమున ఇంగ్లండు దేశపు క్రికెట్టు వీరుడు డెనిస్ కాంప్టన్ ఆడినాడు. ఆయన కాలిబంతిలోను ఘనుడే. నిజాం రాజ్యపు జవానులు అట్టివానిని ఓడించి వచ్చిరనగా మాటలు కావు.

విరాటుని కొలువులో పాండవులు వలలుడై, బృహన్నలయై, కంకుభట్టై యున్న కథ మనకు తెలియును. పైకి వంటవాడు, నాట్యాచార్యుడు. లోపల గద, గాండీవము. ఈ పోలీసు జట్టును తలచినప్పుడెల్ల నాకు ఆ పర్వమే గుర్తుకు వచ్చును. వీరు పైకి జవానులు, జమేదారులు; మైదానములోనికి దిగిన పిదప వేరు మనుష్యులు. లెక్కలవాడను గనుక నేను ముందుగా అడుగు ప్రశ్న ఒకటే: వీరికి అన్నమెవరు పెట్టిరి? సర్కారు పెట్టినది. బంతి ఆడిననాడు ఆడెను, ఆడలేని వయస్సు వచ్చిననాడు కొలువుండెను. ఆటవలన కొలువు వచ్చెను, కొలువువలన ఆట నిలిచెను. ఈ ఒక్క పద్దును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని కోరెదను. ముందు దీనితో పని యున్నది.

ఈ జట్టును తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టినాడు. పోలీసువాడు కాడు, బడిపంతులు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, హైదరాబాదు పాఠశాలలలో పిల్లలకు పాఠములు చెప్పి, 1943 మొదలు మరణించువరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శిగా నుండెను. లోకులు ఆయనను రహీం సాబ్ అనిరి. పంతులు గనుక ఆటనుకూడ పాఠమువలె చెప్పినాడు. బంతిని ఒంటరిగా కాలితో ఆడించుకొనుచు పోవుట కూడదని నియమము పెట్టి పందెములు జరిపించెను. బంతి అందిన వెంటనే తోడివానికి ఇచ్చివేయవలెను. ఎడమకాలు అలవాటు లేనివారు ఎడమకాలితోనే, కుడికాలు అలవాటు లేనివారు కుడికాలితోనే ఆడవలెనని మరికొన్ని పందెములు పెట్టెను. కుడిచేతివాటముగల లేఖకుని ఎడమచేత పద్దు వ్రాయుమన్నట్లున్నది! నేనొకసారి ప్రయత్నించి చూచితిని. ఒక పంక్తి వ్రాయుటకు పావుగంట పట్టినది, ఆ పంక్తియు నాకే చదువరాలేదు. కాని రహీం సాబ్ పిల్లలు నేర్చిరి. రెండు కాళ్ళు సమానముగా ఆడువానిని ఏ ప్రక్క కాయవలెనో ఎదుటివానికి తెలియదు గదా.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసినది. వరంగల్లు సుబాలోని మన పెద్దలు ఆ దినములను ఎట్లు గడిపిరో ఇచ్చట వ్రాయనక్కరలేదు. దొరతనము మారినది, పోలీసు శాఖపై అధికారము మారినది. అటువంటప్పుడు ఒక బంతిజట్టు చెదరిపోవుట సహజము. కాని చెదరలేదు. రెండేండ్లకే, 1950లో, ఆ జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచెను. ఆ సంవత్సరమే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును గెలిచెను. డ్యూరాండ్ పందెము 1940 తరువాత ఆగిపోయి యుండెను; స్వతంత్ర భారతమున తిరిగి మొదలైన మొదటి యేడు అదియే. ఓడినది సామాన్యమైన జట్టు కాదు, మోహన్ బగాన్.

అటుపిమ్మట జరిగినది కథవలె నుండును. 1951, 1952, 1953, 1954 – రోవర్స్ కప్పు ప్రతి యేడును హైదరాబాదునకే వచ్చెను. వరుసగా ఐదుసార్లు! ఇతర జట్లకు అది సాధ్యము కాలేదు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, మొయినుద్దీన్, జమాల్, లాయక్, ఆంథొని పాట్రిక్ – ఈ పేర్లు ఆ కాలపు హైదరాబాదు వీధులలో పిల్లల నోట నుండెను. 1952లో డ్యూరాండ్ కడపటి ఆటలో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడిరి. 1954లో మరల గెలిచిరి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన దేశము ఇరానును ఓడించి స్వర్ణపతకము పొందినప్పుడు జట్టుకు శిక్షకుడు రహీం సాబే. ఓటమియు చెప్పవలెను. 1952లో హెల్సింకి ఒలింపిక్కులలో యుగోస్లావియా చేతిలో మనవారు పది గోలులకు ఒకటిగా చిత్తుగా ఓడిరి. మనవారిలో పలువురు ఆ చలిలో ఉత్త కాళ్ళతో ఆడినారు. 1911లో గౌరవము తెచ్చిన ఉత్త కాళ్ళే 1952లో ఓటమి తెచ్చినవి.

ఇచ్చట తులసీదాస్ బలరాముని సంగతి చెప్పక ముందునకు పోలేను. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో బీద యింట పుట్టినవాడు. రహీం సాబ్ వాని ఆట చూచి ఫతే మైదానమునకు అభ్యాసమునకు రమ్మనెను. దూరము చాల. సైకిలు లేదు, అద్దెకు తెచ్చుకొనుటకు డబ్బు లేదు. ఆ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చినాడని బలరాముడు వృద్ధుడైన తరువాత కూడ చెప్పుకొనెను. ఒక బడిపంతులు జేబులోని సైకిలు అద్దె ఏ పద్దున వ్రాయబడి యుండునో నాకు తెలియదు. నేను తిరగవేసిన పద్దుల పుస్తకములలో అంత లాభము తెచ్చిన ఖర్చు మరియొకటి కనబడలేదు. ఆ బలరాముడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్కులలో ఆడెను. అచ్చట మన దేశము ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టులో హైదరాబాదువారు పలువురుండిరి. 1957లో బలరాముడు కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టునకు పోయి, ఆ వంగదేశముననే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూసెను.

1956 నవంబరులో ఆంధ్రప్రదేశము ఏర్పడినది. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956–57లోను, 1957–58లోను గెలిచెను. 1957లో పోలీసు జట్టు రోవర్స్, డ్యూరాండ్ రెండును గెలిచెను. అటుపై జట్టు పేరు ఆంధ్ర పోలీసు అయినది. ఆ పేరుతోనే 1960లో రోవర్స్ కప్పును, 1961లో డ్యూరాండ్ కప్పును సాధించిరి. రాజ్యము మూడుసార్లు మారినను, పలక మీద పేరు మారినను, జీతపు బట్వాడా మాత్రము ఆగలేదు.

1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో ఆసియా క్రీడల కడపటి ఆట జరిగెను. ఎదుట దక్షిణ కొరియా. తొలి ఆటలో మనలను రెండు గోలులతో ఓడించినవారే. చూచువారిలో మన పక్షము వహించినవారు మిక్కిలి తక్కువ. రహీం సాబునకు అప్పటికే పుట్టకురుపు వ్యాధి ముదిరి యుండెను. మనవారు 2–1 గోలులతో గెలిచిరి. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టిరి. హైదరాబాదు యూసుఫ్ ఖాన్, బలరాముడు, మన సీమలోనే పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజు ఆ జట్టులోనివారు. మరుసటి యేడు, 1963 జూన్ 11న, రహీం సాబ్ మరణించెను. ఆసియాలో అట్టి స్వర్ణపతకము మన దేశమునకు నేటివరకు మరల రాలేదు.

మనము ఓడించిన కొరియావారు ఏమి చేసిరి? 1983లో వృత్తి జట్ల పందెమును ప్రారంభించిరి. దానిలోని ఐదు జట్లలో నాలుగు పెద్ద వ్యాపార సంస్థల యొక్కయు, ఒక బ్యాంకు యొక్కయు ధనముతో నడిచినవే. అనగా అచ్చటను జట్టు వెనుక జీతమిచ్చు గట్టి చేయి యుండెను. పిదప వారు ప్రపంచ కప్పు పందెములలో నిత్య అతిథులైరి. మనచోట రహీం సాబు వంటి గురువు మరల దొరకలేదు. మంచి ఆటగాండ్రు కలకత్తాకు తరలిరి. క్రికెట్టు మోజు పెరిగెను. పోలీసు జట్టు మెల్లగా వెనుకబడెను.

దాదాపు అరువది యేండ్ల అనంతరము 2019 ఆగస్టులో హైదరాబాదు ఎఫ్.సి. అను వృత్తి జట్టు ఏర్పడెను. పుణె నగరపు జట్టు మూతపడగా, ఆ స్థానమున వచ్చినది. ఆట స్థలము గచ్చిబౌలి. మొదటి ఆట కలకత్తాలో, 5–0తో ఓడిరి. ఆ సంవత్సరము పదునెనిమిది ఆటలలో రెండే గెలిచి, అన్నిటికన్న అడుగున నిలిచిరి. రెండవ యేడు మహమ్మారి వలన ఆటలన్నియు గోవాలోనే జరిగెను. స్పెయిన్ దేశపు శిక్షకుడు మనోలో మార్కెజ్ చేతిలో జట్టు ఐదవ స్థానమునకు వచ్చెను. మూడవ యేడు, 2022 మార్చి 20న, గోవాలోని ఫతోర్డాలో కేరళ జట్టుతో కడపటి ఆట. 68వ నిమిషమున కేరళవారు గోలు కొట్టిరి. ఇక ఆట ముగియుటకు రెండు నిమిషములుండగా సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన బంతితో సమమాయెను. పెనాల్టీలలో గోల్‌కీపరు కట్టిమని మూడింటిని ఆపెను. హైదరాబాదు విజేత. మూడేండ్లలో అడుగునుండి శిఖరమునకు! నాలుగవ యేడును పట్టికలో రెండవ స్థానము.

ఆపై ధనము ఇబ్బంది వచ్చెను. జీతములు అందక ఆటగాండ్రు విడిచిపోయిరి. కొత్తవారిని తీసుకొనరాదని అంతర్జాతీయ సంఘము నిషేధము విధించెను. 2023–24లో ఒక్క ఆట మాత్రము గెలిచి మరల అడుగున పడిరి. జట్టు చేతులు మారినది. 2025లో ఢిల్లీకి తరలి, పేరుకూడ మార్చుకొనెను.

కాబట్టి ఆ కుర్రవాడు చదివిన వార్త నిజమే. కాని పోలీసు జట్టు చరిత్రను, ఈ జట్టు చరిత్రను ప్రక్కప్రక్క పద్దులుగా వ్రాసి చూచితిని. ఆటలో రెంటికిని పెద్ద తేడా కనబడలేదు. రెండును తొలి యేండ్లలోనే దేశమును గెలిచినవి. తేడా అంతయు జమ వైపున నున్నది. ఒకచోట ఆటగాడు నెల చివర జీతము వచ్చునని నిబ్బరముగా నిద్రించెను. మరియొకచోట శిఖరమెక్కిన రెండేండ్లకే ఆ నిబ్బరము పోయినది. ప్రైవేటు ధనము చెడ్డదని నేననుట లేదు. కొరియావారి జట్లలోను ప్రైవేటు ధనముండెను.

ఇదంతయు ఆ పిల్లలకు పఠన మందిరపు మెట్లపై కూర్చుండి చెప్పితిని. రోవర్స్ కప్పు ఐదుసార్లన్నప్పుడు నమ్మలేదు. సైకిలు అద్దె సంగతి వెంటనే నమ్మిరి. ఈ వేసవిలో చెరువు ఎండినచోట ఇటుకలు రెండు రెండు పేర్చి గోలు స్తంభములుగా పెట్టుకొని ఆడుచున్నారు. మొన్న నేను అటుగా పోవుచుండగా, “ఇయ్యాల ఎడమకాలే, పెద్దబాపూ!” అని కేకవేసినారు. బంతి పది గజములు పోవలసినది, రెండు గజములు పోయి తుమ్మచెట్టు క్రిందికి దొర్లినది.