బాకీ అడిగితే అప్పిచ్చారు

2015 డిసెంబరు 12, శనివారం సాయంత్రం. పారిస్ శివారు లె బూర్జేలో దాదాపు రెండు వందల దేశాల ప్రతినిధులు కుర్చీల్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఒప్పందం ప్రతి చేతికందింది గానీ సభ మొదలు కావడం లేదు. కారణం ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట. ఉద్గారాలు తగ్గించడంలో సంపన్న దేశాలు ముందు నడవాలని చెప్పే నాలుగో అధికరణంలో, పాత ముసాయిదాల్లో ‘షుడ్’ అని ఉన్నచోట చివరి ప్రతిలో ‘షల్’ అని పడింది. మొదటిదానికి ‘నడిస్తే బాగుంటుంది’ అని అర్థం. రెండోదానికి ‘నడిచి తీరాలి’ అని. నడిచి తీరాలంటే ఒప్పందాన్ని సెనేట్ ముందు పెట్టాలి, అక్కడ గట్టెక్కదు. అదీ అమెరికా భయం.

మంతనాలు సాగాయి. చివరికి సచివాలయ అధికారి ఒకరు చిన్నచిన్న సవరణల జాబితా చదువుతూ, ఆ మాటను కూడా అచ్చుతప్పుల్లో కలిపి చదివేశారు. ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి లోరాం ఫాబియస్ చిన్న ఆకుపచ్చ సుత్తితో బల్ల మీద కొట్టారు. పారిస్ ఒప్పందం పుట్టింది.

వాతావరణ చర్చల్లో మాటలంటే అంత పట్టుదల ఎందుకో తెలియాలంటే, ఒక్కో మాట వెనుక ఉన్న డబ్బు లెక్క చూడాలి. ఎవరు ఎవరికి బాకీ? ఇచ్చేది బాకీయా, దానమా, అప్పా? ముప్ఫై ఏళ్లకు పైగా సాగుతున్న తగువు ఇదే.

బతుకు పొగ, భోగం పొగ

1990లో అమెరికాకు చెందిన ఒక పరిశోధన సంస్థ భూతాపానికి కారకుల పట్టిక వేసి, భారత్, చైనాలను కూడా పెద్ద దోషుల వరసలో నిలబెట్టింది. వరి మళ్లలో, పశువుల కొట్టంలో పుట్టే మీథేన్‌ను లెక్కలో వేయడంతో మన రైతు కూడా నిందితుడయ్యాడు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నుంచి అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లో దీనికి జవాబు రాశారు. కడుపు నింపుకోవడానికి పుట్టే పొగ వేరు, కార్ల భోగానికి పుట్టే పొగ వేరు, రెండింటినీ ఒకే కాటాలో తూచడం అన్యాయం అన్నది వారి వాదన.

అదే ఏడాది పసిఫిక్‌లోని చిన్న ద్వీప దేశం వనువాటు, తోటి దీవుల తరఫున మరో ప్రతిపాదన తెచ్చింది. సముద్రం పెరిగి దీవులు మునిగితే పరిహారమివ్వడానికి అంతర్జాతీయ బీమా నిధి పెట్టాలి. ప్రీమియం పారిశ్రామిక దేశాలు కట్టాలి, ఎవరెంత కట్టాలన్నది వారి సంపదను, వారు వదిలే కార్బన్‌ను బట్టి తేల్చాలి. పెద్ద దేశాలు ఒప్పుకోలేదు. 1992 నాటి వాతావరణ ఒడంబడికలో ‘బీమా’ అన్న మాట ఒకచోట మిగిలింది, నిధి మాత్రం మిగల్లేదు.

రియోలో సంతకాలకు పెట్టిన ఆ ఒడంబడికలో వర్ధమాన దేశాలు రెండు మాటలు సాధించుకున్నాయి. ఒకటి, ‘ఉమ్మడి బాధ్యతలు, అయితే వేర్వేరు పాళ్లలో’. ఊరి చెరువు అందరిదీ, పూడిక తీయాల్సిందీ అందరే, కానీ ఎక్కువ మట్టి పోసినవాడు ఎక్కువ గంపలు మోయాలి. రెండోది, సంపన్న దేశాలు ‘కొత్తగా, అదనంగా’ నిధులివ్వాలి. అంటే, ఎప్పటినుంచో ఇస్తున్న ఆసుపత్రి సాయానికి పచ్చరంగు పూసి చూపకూడదని. నోటు రాసిచ్చారు సరే. అసలెంతో, గడువెప్పుడో మాత్రం అందులో రాయలేదు.

అంకె పడింది

ఆ అంకె పడటానికి 17 ఏళ్లు పట్టింది. 2009 డిసెంబరు 17న, కుప్పకూలుతున్న కోపెన్‌హాగన్ సదస్సులో అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఓ ప్రకటన చేశారు. 2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు సమకూర్చే ప్రయత్నంలో తమ దేశమూ కలుస్తుందని. ఆ మరుసటి ఏడాది కాన్‌కున్‌లో హరిత వాతావరణ నిధి పుట్టింది. దాని కార్యాలయం దక్షిణ కొరియాలోని సాంగ్డోలో ఉంది.

ఇక్కడా ఒక మాట ఉంది. ‘ఇస్తాం’ అనలేదు, ‘సమకూరుస్తాం’ అన్నారు. ఇవ్వడమంటే సొంత జేబులోంచి తీయడం. సమకూర్చడంలో ప్రపంచ బ్యాంకు అప్పులు, ప్రైవేటు పెట్టుబడులు అన్నీ పడతాయి. 2015లో సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ లెక్క తీసి, 2014లోనే సుమారు 6,200 కోట్ల డాలర్లు అందాయంది. పారిస్ సదస్సుకు ముందు మన ఆర్థిక శాఖ ఆ లెక్కను విప్పి చూసి, నిజంగా చేతికొచ్చింది 220 కోట్లేనని తేల్చింది. ఒకే పద్దుకు ఇంత తేడా ఎలా వచ్చింది? ఏది వాతావరణ నిధో నిర్వచించకుండానే అంకె వేశారు కాబట్టి.

నిర్వచనం లేకపోతే పద్దులో ఏమేం చేరతాయో 2023లో రాయిటర్స్ వార్తా సంస్థ పరిశోధన బయటపెట్టింది. ఆసియాలో చాక్లెట్, ఐస్‌క్రీం దుకాణాలు తెరవడానికి ఇటలీ చేసిన సాయం అందులో ఉంది. అర్జెంటీనా అడవి నేపథ్యంగా తీసిన ప్రేమకథా చిత్రానికి బెల్జియం అందించిన మద్దతు, హైతీలో సముద్రతీర హోటల్ విస్తరణకు అమెరికా ఇచ్చిన అప్పు ఉన్నాయి. అన్నిటినీ మించి, బంగ్లాదేశ్‌లో బొగ్గు విద్యుత్ కేంద్రానికి జపాన్ పెట్టిన డబ్బు కూడా వాతావరణ నిధే!

ఓఈసీడీ లెక్కే పట్టుకున్నా 2020లో చేరింది 8,330 కోట్లు. గీత దాటింది 2022లో, 11,590 కోట్లతో, రెండేళ్లు ఆలస్యంగా. అందులో ప్రభుత్వాల నుంచి వచ్చిన సొమ్ములో దాదాపు 70 శాతం అప్పులే. పొగ వదిలినవాడు వడ్డీ వసూలు చేసుకుంటుంటే, నీట మునిగినవాడు వాయిదాలు కడుతున్నాడు.

చేపముల్లు కాలువలు

ఈ చర్చల్లో జంటగా వినిపించే మాటలు ‘మిటిగేషన్’, ‘అడాప్టేషన్’. పత్రికల భాషలో ఉపశమనం, అనుసరణ. పొగ తగ్గించడం మొదటిది, పడబోయే దెబ్బను తట్టుకోవడం రెండోది. సౌర విద్యుత్ కేంద్రం కరెంటు అమ్ముకుని అప్పు తీర్చగలదు కాబట్టి డబ్బు అటే పరిగెత్తుతుంది. అనుసరణ ఎలా ఉంటుందో చూడాలంటే కృష్ణా డెల్టా చివరి ఊళ్లకు వెళ్లాలి.

అక్కడ నాబార్డు ద్వారా వచ్చిన అంతర్జాతీయ అనుసరణ నిధి సొమ్ముతో, సుమారు 6.9 లక్షల డాలర్లతో, ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ మడ అడవుల పని చేపట్టింది. చెట్లు పోయిన చోట నేల పల్లమవుతుంది, ఉప్పునీరు నిలిచి ఎండి, నేలంతా ఉప్పు పేరుకుంటుంది. ఆ పర్రలో మడ గింజ మొలవదు. అందుకని ముందు కాలువలు తవ్వుతారు. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్ల కాలువలు. పైనుంచి చూస్తే చేపముల్లే. పోటుకు నీరు ఎక్కుతుంది, పాటుకు దిగుతుంది, దిగుతూ ఉప్పును కడుక్కుపోతుంది. తర్వాతే నాటు. 2018లో హరిత వాతావరణ నిధి కూడా ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్ర తీరాలకు 4.34 కోట్ల డాలర్ల గ్రాంటు మంజూరు చేసింది. పెరిగిన మడ చెట్టు ఎవరికీ వడ్డీ కట్టలేదు. ఈ పనికి గ్రాంటే కావాలి.

పోయినదాని ఖరీదు

ఇదే కృష్ణా డెల్టా తీరానికి 1977 నవంబరు 19 గుర్తుంది. దివిసీమ ఉప్పెన వేలమందిని మింగింది. దాన్ని భూతాపానికి అంటగట్టనక్కర్లేదు. కానీ ‘లాస్ అండ్ డ్యామేజ్’ అంటే ఏమిటో ఆ తీరానికి ఎవరూ చెప్పనవసరం లేదు. కూలిన ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు, అది డ్యామేజ్. ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోతే అది లాస్. ఏ అనుసరణా దాన్ని తిరిగి తేలేదు.

2013లో హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌ను ఊడ్చేసిన మూడు రోజులకే వార్సా సదస్సు మొదలైంది. ఆ దేశ ప్రతినిధి యెబ్ సానో సభలో కన్నీళ్లు పెట్టుకుని, సదస్సు సాగినన్నాళ్లూ నిరాహారంగా ఉన్నారు. నిధి రాలేదు, ఒక ‘యంత్రాంగం’ వచ్చింది. పారిస్ ఒప్పందంలో ఎనిమిదో అధికరణం దక్కింది. అయితే దాని పక్కనే మరో తీర్మానం చేర్చారు. ఈ అధికరణం ఆధారంగా ఎవరూ బాధ్యత మోపరాదు, పరిహారం అడగరాదని. పాకిస్థాన్ వరదల నష్టం 3,000 కోట్ల డాలర్లు దాటిన 2022లో, షర్మ్ ఎల్ షేక్‌లో నిధికి ఒప్పుకున్నారు. ఏడాది తర్వాత దుబాయ్‌లో తొలిరోజే హామీలు పలికాయి. యూఏఈ, జర్మనీ చెరో 10 కోట్ల డాలర్లు, అమెరికా 1.75 కోట్లు. వనువాటు అడిగిన 32 ఏళ్లకు!

నోటు వెనుక చెల్లు

2024 నవంబరులో బాకూ సదస్సులో కొత్త అంకె రాయాల్సి వచ్చింది. వర్ధమాన దేశాలు అడిగింది ఏడాదికి 1.3 లక్షల కోట్ల డాలర్లు. దక్కింది 2035 నాటికి ఏటా 30,000 కోట్లు, అదీ ‘సమకూర్చే’ పద్ధతిలోనే. భారత్ మాట్లాడకముందే సుత్తి పడింది. ఆ తర్వాత మైకు అందుకున్న ఆర్థిక శాఖ అధికారి చాందినీ రైనా, ఆ పత్రం కంటికి కట్టిన భ్రమేనన్నారు. 2015లో 220 కోట్ల లెక్క తేల్చింది కూడా ఆ శాఖే.

అయినా ప్రతి ఏటా వెళ్లడం ఎందుకు? ఈ ప్రశ్నకు మన ఊళ్లలో అప్పులిచ్చినవారి దగ్గర జవాబుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. అందుకే గడువుకు ముందు బాకీదారు ఇంటికి వెళ్లి, వంద రూపాయలైనా సరే కట్టించుకుని, నోటు వెనుక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటారు. ఆ వందతో అప్పు తీరదు, నోటు మాత్రం బతుకుతుంది. పేద దేశాలు ఏటేటా చేస్తున్నది అదే. కోపెన్‌హాగన్‌లో ఒక చెల్లు, పారిస్‌లో ఒకటి, బాకూలో ఒకటి. అసలు ఇంకా అలాగే ఉంది.