చల్లారాక కొలిస్తే ఏముంటుంది?

లేక్ లూయిస్‌విల్ నడిమధ్యలో జెట్ స్కీ ఇంజన్ ఆగిపోయింది. తడబడలేదు, దగ్గలేదు. ఉన్నట్టుండి మూగబోయింది.

టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న పెద్ద రిజర్వాయరు అది. బండి మీద ఉన్న కుర్రాడు తణుకు నుంచి వెళ్లి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నాడు. బటన్ నొక్కితే ఇంజన్ తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. పొద్దు వాలుతోంది. సూర్యుడు గుంకాక జెట్ స్కీ నడపకూడదని అక్కడ చట్టం. చివరికి చేపలు పట్టడానికి వచ్చిన ఒకాయన తన పడవకు తాడు కట్టి లాక్కొచ్చాడు, అదీ నడక వేగంతో. తొందరపడి లాగితే ఇంజన్‌ను చల్లబరిచే గొట్టంలోంచి నీళ్లు తోసుకొచ్చి, ఎగ్జాస్టు మీదుగా సిలిండర్లలో చేరతాయి. ఆయనకది తెలిసుండటం కుర్రాడి అదృష్టం.

ట్రైలర్ ఎక్కించి, లైఫ్ జాకెట్ విప్పి, ఆయనకు థాంక్స్ చెప్పి వచ్చి ఊరికే బటన్ నొక్కితే బండి భేషుగ్గా స్టార్టయింది.

ఇదంతా ఒడ్డున నిలబడి చూస్తున్నాడు వాళ్ల నాన్న. ఆర్నెల్ల వీసా మీద కొడుకు ఇంటికి వచ్చినాయన. తణుకులో దశాబ్దాల తరబడి మోటారు సైకిళ్ల షెడ్డు నడిపాడు. ఆర్‌ఎక్స్ 100లూ, యెజ్డీలూ చేతుల మీదుగా ఎన్ని పోయాయో లెక్కే లేదు. జెట్ స్కీని మాత్రం అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

"ఆగేముందు ఏమన్నా దగ్గిందంట్రా?"

"లేదు నాన్నగారూ. టక్కున పోయింది."

"అయితే పెట్రోలు కాదు. ఆయాసపడి ఆగితే పెట్రోలు, పీక నొక్కినట్టు ఆగితే కరెంటు."

కొడుకు మొహం పాలిపోయింది. కరెంటు సంగతి తను ముందే చూసేశాననుకుంటున్నాడు మరి. గ్యారేజీ అల్మరాలో కొత్త ప్లగ్గుల డబ్బాలు, పాత ఇగ్నిషన్ కాయిల్, పాత బ్యాటరీ, పాత సీడీఐ పెట్టె వరసగా ఉన్నాయి. అన్నీ మార్చాడు. మార్చిన ప్రతిసారీ ఇంటి ముందు బండి చక్కగా స్టార్టయ్యేది. సరస్సులో ఇరవై నిమిషాలు తిరిగేసరికి చచ్చేది. ఎలక్ట్రికల్ సామాన్లు ఒకసారి అమ్మితే చాలా దుకాణాలు వెనక్కి తీసుకోవు కాబట్టి ఆ డబ్బు పోయినట్టే.

ఈ బళ్ల వయసు గురించి రెండు ముక్కలు చెప్పాలి. మోటోక్రాస్ రేసరు క్లేటన్ జాకబ్సన్ బుర్రలో పుట్టిన ఈ నీటి మోటారు సైకిలు 1968లో బొంబార్డియర్ వారి సీ-డూగా, 1973లో కవాసాకీ వారి జెట్ స్కీగా బజారుకొచ్చింది. 1990ల దాకా అన్నీ టూ-స్ట్రోకే. పొగ నిబంధనలు బిగిశాయి, 2002లో ఫోర్-స్ట్రోక్ బళ్లు దిగాయి. ఆ పాత టూ-స్ట్రోకులు ఇప్పుడు చవగ్గా దొరుకుతాయి. మన కుర్రాడు కొన్నదీ అలాంటిదే, రెండు సిలిండర్లది. ఏ కంపెనీదన్నది అనవసరం. ఈ జబ్బు ఆ వయసు బళ్లలో చాలావాటికి రావచ్చు.

మర్నాడు పొద్దున్నే పెద్దాయన సీటు ఎత్తించాడు. కొడుకు ప్లగ్గులు రెండూ ఊడదీసి, అక్కడే ఇంజన్‌కు ఆనించి బటన్ నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగాగు! ఆ బెజ్జాల్లోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. పక్కనే నిప్పురవ్వ. కింద చూస్తే మూసుకున్న గంగాళం లాంటి పడవ. ఇల్లు తగలేస్తావా?"

మోటారు సైకిలుకు చుట్టూ గాలే. జెట్ స్కీ ఇంజన్ ఉండేది మూసేసిన పొట్టలో. కారిన పెట్రోలు ఆవిరి బరువుగా అడుగునే నిలబడిపోతుంది. అందుకే సీటు తీసి కాసేపు గాలి ఆడనిచ్చాకే బటన్ జోలికి పోవాలి. ప్లగ్గులు వాటి చోట్లోనే బిగించి, ప్లగ్గు తీగల చివర్లకు స్పార్కు టెస్టర్ తగిలించి, దాన్ని ఇంజన్‌కు దూరంగా ఎర్తు చేసి చూడాలి. ఎర్తు లేకుండా గాల్లో వదిలేస్తే సీడీఐ కూడా కాలిపోవచ్చు.

టెస్టర్‌లో రెండు తీగలకూ నీలంగా, టపటపమంటూ రవ్వ వస్తోంది. పెద్దాయన తృప్తిపడలేదు. వైరింగు బొమ్మ ప్రింటు తీయించుకుని వంటింటి బల్ల మీద పరుచుకుని కూర్చున్నాడు. కోడలు కాఫీ ఇస్తూ, "ఏం తేలింది మావయ్యగారూ?" అనడిగితే, "మన ఆర్‌ఎక్సేనమ్మా. రెండు సిలిండర్లు, కాస్త నీళ్ల భయం, అంతే తేడా" అన్నాడు.

నిజానికి అంతే. ఈ తరహా బండిలో బ్యాటరీ ఉన్నది సెల్ఫ్ కోసమే. నిప్పురవ్వకు కావలసిన కరెంటు ఇంజనే పుట్టించుకుంటుంది. క్రాంకు కొసన మాగ్నెట్ తిరుగుతుంది. దాని లోపల కాయిల్ ప్లేటు మీద, అక్కడివాళ్లు స్టేటర్ అనేదాని మీద, రాగి తీగ చుట్టలుంటాయి. అందులో ఎక్సైటర్ కాయిల్ పుట్టించిన కరెంటును సీడీఐ పెట్టె తన కెపాసిటర్‌లో నింపుకుంటుంది. పల్సర్ కాయిల్ 'ఇప్పుడు' అనగానే ఇగ్నిషన్ కాయిల్‌లోకి ఒక్కసారిగా వదిలేస్తుంది. అక్కడది వేల వోల్టులై ప్లగ్గుకు చేరుతుంది. ఈ బండిలో ఒకే కాయిల్ నుంచి రెండు ప్లగ్గులకూ తీగలున్నాయి. ఒక సిలిండరే చస్తే ప్లగ్గునో దాని టోపీనో అనుమానించాలి. రెండూ ఒకేసారి చచ్చాయంటే దొంగ పైన ఎక్కడో ఉన్నాడు.

పెద్దాయన మల్టీమీటరుతో ఎక్సైటర్ కాయిల్ ఓములు చూశాడు. మాన్యువల్ ఇచ్చిన హద్దుల్లోనే ఉంది. పల్సర్ కాయిల్ కూడా.

"అన్నీ బాగానే ఉన్నాయి కదా నాన్నగారూ!"

"చల్లారాక కొలిస్తే ఏముంటుందిరా? జ్వరం వచ్చినప్పుడు చూడాలి గానీ."

కొడుకు ఇన్నాళ్లూ చేయనిది ఇదొక్కటే. బండి చచ్చిన చోట కాకుండా, తనకు తీరికైన చోట, తీరికైన వేళ వెతికాడు. నాకు తెలిసిన ఇంజనీర్లలో చాలామందికి ఈ అలవాటుంది. కంప్యూటర్ల దగ్గర కూడా.

శనివారం ప్రయాణం కట్టారు. పెద్దాయన తీగలకు చీటీలు అంటించాడు. ఎలక్ట్రికల్ పెట్టె బోల్టులకు సరిపోయే సాకెట్టు ముందే రాట్చెట్‌కు తొడిగి ఉంచాడు. మీటరు, టెస్టర్, పొడిగుడ్డలు ఒక బుట్టలో సర్దాడు. కొడుక్కి ఒకటే ఆజ్ఞ: "ఒడ్డు దాటి పోకు. నా కళ్ల ముందే చావాలి అది."

అనుకున్నట్టే చచ్చింది. గబగబా ట్రైలర్ మీదకు లాగి, వెనకాలవాళ్లకు దారిస్తూ ర్యాంపు పక్కకు చేర్చారు. సీటు ఎత్తి గాలి ఆడనిచ్చారు. ఆ కాసేపూ పెద్దాయనకు కాలు నిలవలేదు. ఇంజన్ చల్లారుతోంది, సాక్ష్యం చెరిగిపోతోంది. టెస్టర్ తగిలించి బటన్ నొక్కారు. రెండు తీగల్లోనూ రవ్వ లేదు. అప్పుడు కిల్ స్విచ్చి తీగల జోడు ఊడదీయించాడు. చేతికి కట్టుకునే తాడు ఊడితే ఇంజన్‌ను ఆపే స్విచ్చి అది. ఉప్పూ తుప్పూ పట్టి దానంతటదే కరెంటును ఎర్తులోకి దించేస్తుంటుంది. పాత బళ్లలో ముందుగా అనుమానించాల్సింది దాన్నే. ఊడదీసినా రవ్వ రాలేదు. స్విచ్చి నిర్దోషి. దాన్ని వెంటనే తిరిగి తగిలించారు. ఆ స్విచ్చి లేకుండా బండిని నీళ్లలోకి దించితే పడిపోయినవాణ్ని వదిలేసి అది తన దారిన పోతుంది.

పెట్టె మూత తెరిచి పల్సర్ కాయిల్ చూశారు. సరిగ్గా ఉంది. ఇక ఎక్సైటర్. వేడికి రాగి తీగ ఓములు కాస్త పెరగడం మామూలే. అరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు నాలుగో వంతు పెరుగుతాయి. మీటరు ఆ లెక్కేమీ చూపించలేదు. ఓఎల్ అంది. అంటే లోపలెక్కడో తీగ తెగింది.

ఇద్దరూ మీటరు మీద కళ్లు పెట్టుకుని నిలబడ్డారు. కొంతసేపటికి అంకె ఒకసారి మెరిసి పోయింది. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత మాన్యువల్ చెప్పిన హద్దుల్లోకి వచ్చి బుద్ధిమంతుడిలా కూర్చుంది. వేడికి ఎడబడిన తీగ కొసలు చల్లారాక మళ్లీ కలుసుకున్నాయి.

మాగ్నెట్ ఊడదీయడానికి పెద్దాయన సుత్తి ముట్టనివ్వలేదు, సరైన పుల్లర్ తెప్పించాడు. బయటికొచ్చిన కాయిల్ ప్లేటును గ్యారేజీలో బల్ల మీద పెట్టి, కోడలి హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టాడు. మళ్లీ ఓఎల్. అప్పుడు గానీ కొత్తది ఆర్డర్ పెట్టనివ్వలేదు. బిగించేటప్పుడు క్రాంకు మీది చిన్న కీ ముక్క సరిగ్గా గాడిలో కూర్చుందో లేదో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. అది పక్కకు జరిగితే టైమింగు తప్పుతుంది. ట్రైలర్ మీద గొట్టం పెట్టి నడిపించేటప్పుడు ముందు ఇంజన్, ఆ తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజన్. ఈ వరస మాత్రం మాన్యువల్ చూసి కొడుకే ఆయనకు చెప్పాడు. ఆయన బుద్ధిగా విన్నాడు.

తర్వాతి ఆదివారం బండి గంట దాటి తిరిగినా ఆగలేదు.

అక్టోబర్లో పెట్టెలు సర్దుతుంటే గుడ్డల మధ్య గట్టిగా ఏదో తగిలింది ఆయన భార్యకు.

"ఈ ఇనుప ముక్కేంటండీ? ఇరవై మూడు కేజీలే కదా!"

"కాయిల్ ప్లేటు. మనూళ్లో తీగ మళ్లీ చుట్టించి పంపుతాను. స్పేర్‌గా పడుంటుంది."

"కొత్తది వేశారు కదా?"

"వేశాం. అదీ ఏదో ఒక రోజు వేడెక్కుతుంది కదా" అంటూ ఆయన తన రెండు చొక్కాలు బయటికి తీసేశాడు.