రేవు మూగబోయినా నిలిచిన కొండ – శాలిహుండం



యాత్ర అనగానే మనకు కాశీ, రామేశ్వరం గుర్తుకు వస్తాయి. మన శ్రీకాకుళం జిల్లాలోనే, గార మండలంలో, ప్రాచీన ఓడల బాట మీద ఒక గొప్ప విడిది ఉన్నదని మనలో చాలామంది విన్నారే గాని చూడలేదు. గత మాఘమాసంలో సోంపేట నుంచి మేము ఆరుగురం పింఛనుదారులం జీపు మాట్లాడుకొని బయలుదేరాము. టెక్కలి, నరసన్నపేట మీదుగా వెళ్ళి, మడపాం వంతెన దగ్గర వంశధార దాటి శాలిహుండం చేరుకున్నాము.

వంశధార దక్షిణపు గట్టున ఉన్నది ఈ కొండ. నది సముద్రంలో కలిసే కళింగపట్నం ఇక్కడికి దగ్గరే. ఎడారిలో ఒంటెల బిడారులకు ఒయాసిస్సు ఎటువంటిదో, తీరం వెంట సాగే నావికులకు మంచినీరు, ధాన్యం దొరికే నదీముఖం అటువంటిది. చైనాలో ఎడారి అంచున ఉన్న డున్‌హువాంగ్‌లో బౌద్ధ గుహలు వెలిసినట్లే, ఇక్కడ ఆరామం వెలసింది. వర్తకులు దానాలిచ్చేవారు, భిక్షువులు ఆశ్రయమిచ్చేవారు. శాలివాటిక అన్న పాత పేరే శాలిహుండంగా మారిందంటారు. శాలి అంటే వరి.

కొండమీద ఇటుక స్తూపాలు, చైత్యాలు వరుసగా కనిపిస్తాయి. తవ్వకాలలో బ్రాహ్మీ లిపి గల కుండ పెంకులు, తార, మారీచి విగ్రహాలు దొరికాయి. క్రీ.పూ. 2వ శతాబ్ది మొదలు క్రీ.శ. 12వ శతాబ్ది వరకు, హీనయాన, మహాయాన, వజ్రయానాలు మూడూ ఇక్కడ నడిచాయని పురావస్తు పరిశోధకులు నిర్ణయించారు.

క్రీ.శ. 2వ శతాబ్దిలో గ్రీకు భూగోళవేత్త టాలమీ, సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రానికి మళ్ళే చోటు ఈ కళింగ తీరానే ఉన్నదని వ్రాశాడు. మలయా దేశంలో మనవారిని ‘క్లింగు’లనడం కళింగ శబ్దం నుంచి వచ్చిందే. ఆ బాట మొన్నమొన్నటి దాకా బతికే ఉంది. గోపాలపురం, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి మన పల్లెలవారు రంగూను కూలికి వెళ్ళారు. 1942లో జపాను దాడికి జడిసి అడవులబడి నడిచివచ్చిన వారి కథలు మా చిన్నతనంలో అరుగుల మీద విన్నాము. ఆ కథలు చెప్పగలవారు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరైనా లేరు. కళింగపట్నంలో దీపస్తంభం ఉన్నది, సరకు దించే ఓడ లేదు.

మనం ప్రత్యేకించి తలచుకోవలసిన సంగతి ఒకటున్నది. ఈ శిథిలాలను 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసి 1911లోనే ఉద్యోగ విరమణ చేశారు. అంటే శాలిహుండాన్ని వెలికితెచ్చేనాటికి ఆయనా మనవంటి విశ్రాంత ఉద్యోగియే! ముఖలింగం శాసనాల లిపిని స్వయంకృషితో నేర్చుకున్న మనిషికి ఇటుక దిబ్బ ఇటుక దిబ్బగా కనిపించలేదు.

మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు విమానాలెక్కి సముద్రాలు దాటుతున్నారు. సెలవులకు వచ్చిన మనుమలను ఒక్కపూట ఈ కొండకు తీసుకువెళ్ళండి. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎండ ముదరకముందే నిదానంగా ఎక్కాలి. త్రాగునీరు వెంట ఉంచుకోవడం మంచిది. పైకి చేరాక వంశధార వైపు తిరిగి నిలబడి, మీ తాతగారు ఏ రేవున ఓడ ఎక్కారో పిల్లలకు చెప్పండి.